యుద్ధం గుమ్మం దాకా వచ్చినప్పుడు జెఫర్సన్ నయమా, మాడిసన్ నయమా? అసలు ఎవరి జ్ఞాపకాలు చదవాలి?

పాతపేజీలు:

అమెరికా తొలితరం నాయకులు, యుద్ధం అనగానే మనవాళ్లు జార్జ్ వాషింగ్టన్ దగ్గరే ఆగిపోతారు. నాకు థామస్ జెఫర్సన్‌నీ జేమ్స్ మాడిసన్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాలని ఉంది. ఇద్దరూ వర్జీనియా వాళ్లే, ప్రాణస్నేహితులు, కత్తి కన్నా కలం బాగా పట్టినవాళ్లు. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం నాటికి జెఫర్సన్ రాష్ట్ర గవర్నర్, మళ్లీ బ్రిటన్‌తోనే 1812లో మొదలైన యుద్ధం నాటికి మాడిసన్ దేశాధ్యక్షుడు. ఇద్దరి ఇంటికీ బ్రిటిష్ సైన్యం వచ్చింది, ఇద్దరూ గుర్రమెక్కి వెళ్లిపోయారు, ఇద్దరినీ పిరికివాళ్లని జనం తిట్టారు.

జెఫర్సన్ 1779 జూన్ నుంచి 1781 జూన్ దాకా వర్జీనియా గవర్నర్. బ్రిటిష్ ఓడలు వస్తున్నాయన్న కబురు 1780 డిసెంబర్ 31న అందింది. అవి ఎవరి ఓడలో, ఎక్కడికి పోతున్నాయో తేలనివ్వండి అని ఆగి, మిలీషియాని, అంటే అవసరమైతే పిలిచే పౌరసైన్యాన్ని, పూర్తిగా పిలిచింది జనవరి 2న. అమెరికా పక్షం వదిలి బ్రిటిష్‌వాళ్లతో చేరిన సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ 5వ తేదీకల్లా రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్నాడు. అడ్డుకున్నవాళ్లు దాదాపు లేరు, ఊళ్లో కొంత భాగం తగలబెట్టి, దగ్గర్లో ఉన్న ఫిరంగుల ఫౌండ్రీని కూడా నాశనం చేసి పోయాడు. జూన్ 4న బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ గుర్రపు దళం ఏకంగా జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకే వచ్చింది. జాక్ జూయెట్ అనే ఆయన ముందురోజు రాత్రి నలభై మైళ్ల దాకా గుర్రం మీద వచ్చి హెచ్చరించబట్టి సరిపోయింది, లేకపోతే స్వాతంత్ర్య ప్రకటన రాసిన మనిషి ఖైదీ అయ్యేవాడు.

ఈ రెండేళ్ల గురించి ఆయన ఏం రాసుకున్నాడా అని ఆత్మకథ తీస్తే ఏమీ లేదు. 1821లో, 77 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన ఆ పుస్తకంలో గవర్నర్‌గిరీ దగ్గరికి రాగానే, ఆ కాలపు నా చరిత్ర రాయడమంటే రాష్ట్ర చరిత్ర రాయడమే, ఆ పని ఇతరులు చేశారు అని చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. చట్టాల మార్పుల గురించి, ప్యారిస్ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, తన ఊరు తగలబడిన రోజు గురించి మాత్రం ఒక్క పేజీ లేదు.

ఆ రోజు చూసిన ఇంకొక మనిషి ఉన్నాడు. ఐజాక్ గ్రేంజర్, జెఫర్సన్ ఇంట్లో బానిసగా పుట్టిన పిల్లాడు. ముసలితనంలో పీటర్స్‌బర్గ్‌లో కమ్మరి పని చేసుకుంటుండగా 1847లో చార్ల్స్ క్యాంప్‌బెల్ అనే చరిత్రకారుడు కూర్చోబెట్టి చెప్పించుకున్నాడు, అది పుస్తకంగా వచ్చింది 1951లో. ఫిరంగులు మోగగానే పది నిమిషాల్లో రిచ్‌మండ్‌లో ఒక్క తెల్లవాడు కనపడలేదట, అది తీర్పుదినం వచ్చినట్టు అనిపించిందట. బ్రిటిష్‌వాళ్లు ఇంటికొచ్చి గవర్నర్ ఏడి అంటే ఐజాక్ తండ్రి జార్జ్, కొండలకెళ్లాడు అన్నాడు. వెండి సామాను ఏది అంటే అదీ కొండలకే పంపేశారు అన్నాడు. నిజానికి వెండి మొత్తం పరుపు గలీబులో దోపి వంటింట్లో మంచం కింద దాచింది ఆయనే.

నా మాట సూటిగా చెప్తున్నాను. యుద్ధకాలపు నాయకుడిగా మాడిసన్ నయం. ఈ ఇద్దరి గురించి చదవాలంటే వాళ్లు రాసుకున్నవి కాదు, వాళ్ల ఇళ్లలో బానిసలుగా బతికినవాళ్లు చెప్పినవి ముందు చదవాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సుధ_లా:

పాతపేజీలు గారూ, జెఫర్సన్ మీద ఇది అన్యాయం. ఆయన చేతిలో ఏముందని? 1776 వర్జీనియా రాజ్యాంగం గవర్నర్‌ని కావాలనే బలహీనంగా పెట్టింది, రాజు పెట్టిన గవర్నర్లతో విసిగిపోయి ఉన్నారు కాబట్టి. ఏటా అసెంబ్లీ ఎన్నుకోవాలి, ఎనిమిదిమంది కౌన్సిల్ సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. పైగా రాష్ట్రం మనుషుల్నీ తుపాకుల్నీ ఉత్తరాన వాషింగ్టన్‌కీ దక్షిణాన కరొలైనాకీ పంపించేసి ఖాళీగా ఉంది. మిలీషియా అంటే జీతం తీసుకునే సైనికులు కారు, రైతులు. ఉత్తుత్తి కబురు విని నాలుగుసార్లు పిలిస్తే అయిదోసారి రారు, ఆ రెండు రోజుల ఆలస్యానికి కారణం అదే, నిర్లక్ష్యం కాదు.

టార్ల్‌టన్ వచ్చిన రోజుకి ఆయన పదవీకాలం కూడా అయిపోయింది, జూన్ 2తోనే. గవర్నర్ కాని మనిషి రెండువందల యాభైమంది గుర్రపు సైనికుల ముందు ఒంటరిగా నిలబడి ఏం సాధించాలి? చట్టం ఇచ్చిన అధికారం దాటి ఒక్క అడుగు వేసుంటే, ఇవాళ మీరే నియంత అని తిట్టేవాళ్లు.

రాజు_కడప:

పదవీకాలం అయిపోయింది అనేదే అసలు తప్పు అక్కా. శత్రువు రాష్ట్రం నడిబొడ్డున ఉన్నాడు, కొత్త గవర్నర్‌ని ఎన్నుకోలేదు, నా టైం అయిపోయింది అని పక్కకి జరిగితే ఎట్లా? సైనికాధికారి థామస్ నెల్సన్‌ని గవర్నర్‌గా ఎన్నుకుంది జూన్ 12న. పది రోజులు రాష్ట్రానికి ఎన్నికైన గవర్నరే లేడు. అదే రోజు అసెంబ్లీ ఆయన పాలన మీద విచారణకి తీర్మానం చేసింది, ఊరికే చేస్తారా?

సుధ_లా:

ఆ విచారణ ఏమైందో కూడా చెప్పు తమ్ముడూ. డిసెంబర్‌లో ఆయనే సభలో నిలబడి జవాబు చెప్తానంటే ఆరోపణ చేసినవాళ్లు నోరెత్తలేదు, సభ కృతజ్ఞతలు చెప్తూ తీర్మానం చేసింది. సైనికాధికారి చేతిలో పెడితేనే జనానికి నమ్మకం ఉంటుందని పక్కకి జరిగానని ఆత్మకథలో ఒక వాక్యం ఉంది, అదీ చదవాలి. తనకి చేతకాని పనిని చేతనైనవాడికి అప్పగించడం కూడా నాయకత్వమే.

యాష్‌బర్న్_వాసంతి:

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను, షార్లట్స్‌విల్ మాకు రెండు గంటల ప్రయాణం. మనవాళ్లు చుట్టాలొస్తే తిప్పే చోట్లలో మాంటిచెల్లో ఒకటి కాబట్టి చాలాసార్లు చూశాను. కొండ మీద నిలబడితే కింద ఊరు కనపడుతుంది. అక్కడ నిలబడి ఆలోచిస్తే ఆయన భార్యాపిల్లల్ని ముందు బండిలో పంపి, తను వెనక ఉండిపోయి, ఆఖర్న గుర్రమెక్కాడన్నది పిరికితనంలా నాకైతే అనిపించలేదు.

కానీ నా అభ్యంతరం వేరే. పాతపేజీలు గారు ఐజాక్ మాటని సాక్ష్యంగా పెడుతున్నారు. ఆయన పుట్టింది 1775 చివర్లో. ఆర్నాల్డ్ వచ్చినప్పుడు అయిదేళ్ల పిల్లాడు. చెప్పింది డెబ్బై దాటాక. మధ్యలో రాసుకున్నది ఒక తెల్ల చరిత్రకారుడు. ఆ వెండి కథ ఆయన కళ్లతో చూశాడా, అమ్మానాన్నలు వందసార్లు చెప్పుకుంటుంటే విన్నాడా, ఎవరు చెప్పగలరు? జెఫర్సన్ మాట నమ్మం, ఆయన స్వార్థం ఉంది అంటాం. మరి ఇక్కడ జ్ఞాపకం బలం ఎంత అని అడగొద్దా?

పాతపేజీలు:

అడగాలి వాసంతి గారూ, అడిగి తీరాలి. ఐజాక్ చెప్పిన తేదీలు, దళాల సంఖ్యలు నేను నమ్మను, వాటికి వేరే కాగితాలున్నాయి. ఆయన దగ్గర దొరికేది ఏ కాగితంలోనూ దొరకదు: యజమాని వెళ్లిపోయాక ఆ ఇంట్లో మిగిలింది ఎవరు, తాళంచెవులు ఎవరి చేతికొచ్చాయి, శత్రు సైనికుడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే అబద్ధం చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీద పడింది. అమ్మానాన్నల నోట విన్నదైనా సరే, అది ఆ ఇంటి వంటగది వైపు నుంచి చెప్పిన చరిత్ర. తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఐజాక్‌నీ తల్లినీ మిగతావాళ్లనీ తమతో తీసుకుపోయారు, యార్క్‌టౌన్ ముట్టడి అయ్యేదాకా అక్కడే ఉన్నారు, యుద్ధం గెలిచాక మళ్లీ బానిసత్వానికే తిరిగొచ్చారు. గవర్నర్ నిర్ణయం రెండు రోజులు ఆలస్యమైతే దాని ఫలితం ఎవరి మీద పడిందో ఇంతకన్నా దగ్గరగా చూపించే పేజీ నాకు ఇంకెక్కడా కనపడలేదు.

మాడిసన్ వైపు సాక్షి ఇంకా గట్టివాడు. పాల్ జెన్నింగ్స్, 1799లో మాడిసన్ ఎస్టేట్ మాంట్‌పెలియర్‌లో బానిసగా పుట్టాడు, పదేళ్లప్పుడు ప్రెసిడెంటు ఇంటికి పనికి తీసుకొచ్చారు. 1814 ఆగస్టు 24న, అంటే బ్రిటిష్‌వాళ్ల చేతిలో రాజధాని వాషింగ్టన్ తగలబడిన రోజున, ఆయనకి పదిహేనేళ్లు. అయిదేళ్ల పిల్లాడి సంగతి కాదు. జ్ఞాపకాలు 1865లో అచ్చయ్యాయి, చిన్న పుస్తకం, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో చూడండి. బ్రిటిష్‌వాళ్లు ఇటు రారని యుద్ధమంత్రి ఆర్మ్‌స్ట్రాంగ్ అందరికీ భరోసా ఇచ్చేశాడు. మూడు గంటలకి భోజనం, మంత్రులూ సైన్యాధికారులూ వస్తారని టేబుల్ సర్దింది జెన్నింగ్సే. ఏల్, సైడర్, వైన్ తెచ్చి చల్లబడటానికి పెట్టాడు. అంతలో మాడిసన్ వెంట యుద్ధభూమికి వెళ్లిన జేమ్స్ స్మిత్ అనే, బానిస కాని నల్లజాతీయుడు గుర్రం మీద దౌడు తీస్తూ టోపీ ఊపుతూ వచ్చాడు, ఖాళీ చేయండి, ఖాళీ చేయండి, ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక్కి తగ్గమన్నాడు అని అరుస్తూ. ఇంట్లో ఒక్కసారిగా గగ్గోలు. సాయంత్రం బ్రిటిష్‌వాళ్లు వచ్చి, ప్రెసిడెంటు కోసం వండిన ఆ భోజనం తిని, ఇల్లు తగలబెట్టారు.

జార్జ్ వాషింగ్టన్ నిలువెత్తు చిత్రపటాన్ని మాడిసన్ భార్య డాలీ స్వయంగా మోసుకెళ్లిందని అమెరికాలో పిల్లలకి చెప్పే కథ ఉంది కదా. జెన్నింగ్స్ దాన్ని పచ్చి అబద్ధం అంటాడు. ఆమెకి అంత టైం లేదు, అది దింపాలంటే నిచ్చెన కావాలి, చేతిసంచిలో పట్టినంత వెండి తీసుకుపోయింది, పటం దింపి బండెక్కించింది ఫ్రెంచి ద్వారపాలకుడూ తోటమాలీ అని పేర్లతో సహా చెప్తాడు. ఒక దేశం మొత్తం నమ్మిన కథని ఆ ఇంట్లో టేబుల్ సర్దిన కుర్రాడు నిచ్చెన లెక్కతో పడగొట్టాడు. నేను జ్ఞాపకాలు చదివేది ఇలాంటి చోట్ల కోసమే.

యాష్‌బర్న్_వాసంతి:

ఒక్క మాట. తానే మోసుకెళ్లానని డాలీ కూడా ఎక్కడా అనలేదు. చెల్లెలికి రాసిన ఉత్తరంలో, ఫ్రేము విరగ్గొట్టి కాన్వాస్ బయటికి తీయమని చెప్పానని ఉంది. చెప్పింది ఆవిడ, చేసింది వాళ్లు. మోసుకెళ్లిన కథ తర్వాతివాళ్లు అల్లింది. కాబట్టి జెన్నింగ్స్ పడగొట్టింది కథని, ఆవిడని కాదు.

పాతపేజీలు:

ఒప్పుకుంటాను, అది న్యాయమైన మాట.

రాజు_కడప:

పుస్తకాల సంగతి సరే. మాడిసన్ ఎట్లా నయమో ఎవరూ చెప్పడం లేదు! జెఫర్సన్ మీదికి యుద్ధం వచ్చింది. మాడిసన్ మాత్రం యుద్ధాన్ని పిలిచి తెచ్చుకున్నాడు. 1812 జూన్ 18న సంతకం పెట్టేనాటికి సైన్యం ఏడెనిమిది వేలకి మించి లేదు. యుద్ధానికి అప్పు పుట్టించే జాతీయ బ్యాంకు ముందటేడే మూతపడింది. దిగువసభలో 79 మంది అవునంటే 49 మంది వద్దన్నారు, అంటే సభలో మూడోవంతుకి పైగా వ్యతిరేకం. రెండు నెలల్లో డెట్రాయిట్ కోటని జనరల్ హల్ అప్పగించేశాడు. రెండేళ్ల తర్వాత రాజధాని పోయింది. చేతకాని యుద్ధమంత్రిని ఉంచింది ఎవరు? రాజధాని రక్షణకి జనరల్ విండర్‌ని పెట్టింది ఎవరు? చివరికి సంధి రాసుకుంటే అందులో ఏముంది, మా నావికుల్ని బలవంతంగా పట్టుకుపోతున్నారు అని కదా యుద్ధం, ఆ మాటే సంధిలో లేదు!

జెఫర్సన్‌కి అధికారం లేదు అన్నారు. మాడిసన్‌కి అధికారం ఉంది, మూడేళ్ల టైం ఉంది. ఉన్నవాడిదే పెద్ద తప్పు.

సుధ_లా:

రాజూ, ఈ మాటల్లో చాలావరకు నిజమే, నేను జెఫర్సన్ పక్షమే అయినా ఇక్కడ మాత్రం మాడిసన్ తరఫున ఒకటి చెప్పాలి. నాకు యుద్ధంలో నాయకుణ్ణి కొలిచే కొలత యుద్ధభూమి ఒక్కటే కాదు.

1798లో ఫ్రాన్స్‌తో గొడవ జరుగుతున్నప్పుడు అప్పటి అధ్యక్షుడు ఆడమ్స్ ప్రభుత్వం రాజద్రోహ చట్టం తెచ్చింది, ప్రభుత్వాన్ని విమర్శిస్తే రెండు వేల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. మాథ్యూ లయన్ అనే కాంగ్రెస్ సభ్యుణ్ణే జైల్లో పెట్టారు. అప్పుడు మాడిసన్ దానికి వ్యతిరేకంగా వర్జీనియా తీర్మానాలు రాశాడు, జెఫర్సన్ కెంటకీ తీర్మానాలు రాశాడు. ప్రతిపక్షంలో కూర్చుని స్వేచ్ఛ గురించి రాయడం సులువే. తన చేతికి యుద్ధం వచ్చినప్పుడు మాడిసన్‌కి అంతకు పదిరెట్లు రెచ్చగొట్టే సంగతులు జరిగాయి: మసాచుసెట్స్, కనెక్టికట్ గవర్నర్లు మిలీషియా పంపం పొమ్మన్నారు, పత్రికలు నోటికొచ్చినట్టు తిట్టాయి, 1814 డిసెంబర్‌లో హార్ట్‌ఫర్డ్‌లో న్యూ ఇంగ్లండ్ ఫెడరలిస్టులు, అంటే ప్రతిపక్షంవాళ్లు, సమావేశం పెట్టుకున్నారు. ఇల్లు కాలిపోయిన మనిషి, అయినా అలాంటి చట్టం తేలేదు, ఒక్క పత్రికనీ మూయలేదు.

జెఫర్సన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు 1781 ఏప్రిల్‌లో పడమటి కౌంటీలో జనం సైన్యంలో చేరబోమని తిరగబడితే, గుంపుగా ఉన్నప్పుడు వెళ్లొద్దు, చెదిరిపోయాక చప్పుడు చేయకుండా ఒక్కొక్కణ్ణి పక్కమీంచి లేపి తీసుకురండి అని రాశాడు. ఆ పరిస్థితిలో ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ పక్కపక్కన పెట్టి చూడండి.

రాజు_కడప:

ఆ ఉత్తరం సంగతి ఇప్పుడే వింటున్నాను. అయినా యుద్ధం ఓడిపోతూ పత్రికలకి స్వేచ్ఛ ఇచ్చాడంటే చచ్చిన సైనికుడికి ఏం ఒరిగింది అక్కా?

సుధ_లా:

సైనికుడికి ఏం ఒరగలేదు. దేశానికి ఒరిగింది. యుద్ధం అయ్యాక వెనక్కి తీసుకోవాల్సిన చట్టం ఒక్కటీ మిగల్లేదు.

పాతపేజీలు:

రాజు గారి జాబితాలో ఒక్కటి కూడా నేను కొట్టేయను. ఇంకొకటి కలుపుతాను కూడా: కెనడాని పట్టుకోవడం ఊరికే నడుచుకుంటూ వెళ్లడమే అని 1812 ఆగస్టులో రాసింది రిటైరైపోయి కొండమీద కూర్చున్న జెఫర్సన్. ఆ భ్రమ ఇద్దరిదీ. నౌకాదళాన్ని చిన్న గన్‌బోట్లకి కుదించిందీ ఆయన పాలనలోనే, ఆ ఖర్మ మాడిసన్ అనుభవించాడు.

నేను మాడిసన్ నయం అనేది ఆగస్టు 24వ తేదీ ముందు చేసిన పనుల్ని బట్టి కాదు, ఆ తర్వాతవాటిని బట్టి. 63 ఏళ్లు, అయిదడుగుల నాలుగంగుళాల మనిషి, జబ్బులవాడు, ఆర్థికమంత్రి ఇచ్చిన పిస్తోళ్లు నడుముకి పెట్టుకుని బ్లేడెన్స్‌బర్గ్ యుద్ధభూమికి వెళ్లాడు, తెలియక బ్రిటిష్‌వాళ్ల వైపే పోబోతుంటే వెనక్కి తిప్పారు. 27వ తేదీకి కాలిపోయిన ఊరికి తిరిగొచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ కొద్ది రోజుల్లోనే పదవి వదులుకునేలా చేశాడు, ఆ శాఖ విదేశాంగమంత్రి మన్రోకి అప్పగించాడు, సెప్టెంబర్ 19న అదే ఊళ్లో కాంగ్రెస్‌ని కూర్చోబెట్టాడు. బ్యాంకు విషయంలోనూ మొండిగా ఉండకుండా 1816లో కొత్త బ్యాంకుకి సంతకం పెట్టాడు. దెబ్బ తిన్నాక ఏం మార్చుకున్నాడు అన్నదే నాకు ముఖ్యం. జెఫర్సన్ దెబ్బ తిన్నాక అవమానాన్ని మనసులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు, సభ క్లీన్ చిట్ ఇచ్చినా ఆ గాయం మానలేదు, ఆత్మకథలో ఆ రెండేళ్లని దాటేయడానికి కారణం అదేనని నా నమ్మకం.

కొత్తపాఠకుడు:

సీనియర్లకి నమస్కారం. ఒక అనుమానం. ఆ జెన్నింగ్స్ తన యజమాని మాడిసన్ గురించి లోకంలో ఇంత మంచివాణ్ణి చూడలేదు, ఎప్పుడూ కోపం చూడలేదు, బానిసని కొట్టడం చూడలేదు అని రాశాడని ఎక్కడో చదివాను. బానిసగా ఉన్న మనిషి యజమానిని పొగిడితే దాన్ని సాక్ష్యం అనొచ్చా? మాడిసన్ మీద మీ మంచి అభిప్రాయం అక్కడి నుంచే వచ్చిందేమో కదా?

పాతపేజీలు:

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ పొగడ్త ఉంది, దాచను. నా అభిప్రాయం దాన్ని బట్టి కాదు, పైన చెప్పిన తేదీల్ని బట్టి. కానీ ఆ పొగడ్త పక్కన జెన్నింగ్స్ జీవితం పెట్టి చదవాలి. ఆ మంచి మనిషి చనిపోయేటప్పుడు ఈయన్ని విడుదల చేయలేదు. తన తర్వాత విడుదల చేస్తానని విల్లులో రాసిన డాలీ, డబ్బు ఇబ్బందుల్లో 1846లో ఈయన్ని ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుకి రెండొందల డాలర్లకి అమ్మేసింది. 1847లో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు కట్టి విడిపించాడు, నెలకి ఎనిమిది డాలర్ల చొప్పున పనిచేసి తీర్చాలని ఒప్పందం. అంటే తన స్వేచ్ఛకి తనే కిస్తీలు కట్టుకున్నాడు. తర్వాత డాలీ తిండికి కూడా ఇబ్బంది పడుతుంటే వెబ్‌స్టర్ పంపిన సరుకుల బుట్ట మోసుకెళ్లి ఇచ్చింది ఈయనే, తన జేబులోంచి కూడా అప్పుడప్పుడు చిన్న చిన్న మొత్తాలు ఇచ్చాడు. ఆ ఇవ్వడం పుస్తకంలో ఉంది. ఏజెంటుకి అమ్మేసిన సంగతి లేదు, ఆమె దగ్గర నా స్వేచ్ఛ కొనుక్కున్నాను అని ఒక్క ముక్కలో దాటేస్తాడు.

కాబట్టి జెన్నింగ్స్ కూడా కొన్ని చోట్ల మౌనంగా ఉన్నాడు, జెఫర్సన్ లాగే. తేడా ఏమిటంటే, జెఫర్సన్ మౌనం తన పేరు కాపాడుకోవడానికి, జెన్నింగ్స్ మౌనం తనని అమ్మిన మనిషి పేరుని కాపాడింది.

పొగడ్త మధ్యలో ఆయన పెట్టిన ఒక సంగతి చూడు. యుద్ధానికి ముందు మాడిసన్ దళాల్ని చూస్తూ నౌకాదళ అధికారి కమొడోర్ బార్నీని అడిగాడట, బ్రిటిష్‌వాళ్లు దగ్గరికొస్తే నీ నీగ్రోలు పారిపోరా అని. బార్నీ అన్నాడట, వాళ్లకి పారిపోవడం తెలియదు, తుపాకుల దగ్గరే చస్తారు అని. ఆ రోజు మిలీషియా పరుగెత్తింది, బార్నీ నావికులు నిలబడ్డారు. మాడిసన్‌ని పొగిడే పుస్తకంలోనే ఆ ప్రశ్న అడిగింది మాడిసన్ అని రాసి పెట్టాడు, వ్యాఖ్య ఏమీ చేయలేదు.

యాష్‌బర్న్_వాసంతి:

ఆ సంగతి నాకు తెలియదు, చదువుతాను. కానీ నా అభ్యంతరం పూర్తిగా తీరలేదండీ. జెఫర్సన్ ఆత్మకథని పక్కన పెట్టమంటే ఒప్పుకోను. ఏం దాటేశాడో తెలియాలంటే ముందు అది చదివుండాలి కదా. ఎవరైనా మొదలుపెట్టేవాళ్లుంటే ఆత్మకథలో గవర్నర్‌గిరీ వచ్చే ఆ నాలుగు వాక్యాలు చదివి, వెంటనే ఐజాక్ చెప్పిన రిచ్‌మండ్ పేజీలు తీయండి, ఆ తర్వాత జెన్నింగ్స్.

రాజు_కడప:

చదువుతా అక్కా. మాడిసన్ మీద నా మాట మాత్రం మారదు. 24 తర్వాత బాగా చేశాడు, ఒప్పుకుంటా. 24 రాకుండా చూడటం ఆయన పని.